శీతాకాలంలో ప్రెసిషన్ రైఫిల్ మ్యాచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది అమెరికాలో, ఒహాయోలో. ఇక్కడ నవంబరు చివరి నుంచి మార్చి దాకా మంచు ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు కరిగి బురదవుతుందో, ఆ బురద ఎప్పుడు మళ్లీ గడ్డకడుతుందో చెప్పలేం. అయినా నెలకొక క్లబ్ మ్యాచ్ జరుగుతూనే ఉంటుంది. కొన్నేళ్లుగా చలికాలంలో కూడా మానకుండా ఆడుతున్నాను. ఈ ఆటలోకి కొత్తగా వస్తున్న తెలుగువాళ్లు ఫోన్లో అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. వీటన్నిటి వెనక నేను నమ్మేది ఒకటుంది. చలి మనిషిని ఇబ్బంది పెడుతుంది, మ్యాచ్‌ని పాడుచేసేది మాత్రం తడి. జవాబుల్లో ఈ మాట పదేపదే వస్తుంది.

ప్రెసిషన్ రైఫిల్ అంటే గగన్ నారంగ్ ఆడిన ఆటేనా?

కాదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అది నాలుగు గోడల మధ్య, గాలి తగలని చోట, నిలబడి ఆడే ఆట. ఇది ఆరుబయట ఆట. 300 యార్డుల నుంచి 1000, ఒక్కోచోట 1200 యార్డుల దాకా ఇనుప ప్లేట్లు వేలాడదీస్తారు. ఒక్కో స్టేజ్‌కి, అంటే ఒక్కో విడతకి, 90 నుంచి 120 సెకన్లు ఇస్తారు, ఎనిమిది నుంచి పన్నెండు రౌండ్లు కాల్చాలి. చెక్క బారికేడ్, పైకప్పు ఆకారంలో కట్టిన దిమ్మ, పాత టైర్లు, కాంక్రీట్ పైపు, ఏది పెడితే దాని మీద రైఫిల్ ఆనించి కాల్చాలి. ప్లేటుకి తగిలితే రేంజ్ ఆఫీసర్ 'ఇంపాక్ట్' అని అరుస్తాడు, ఒక పాయింటు. తగలకపోతే సున్నా.

ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ అనే పేరుతో ఇది 2012 నుంచి ఒక సీజన్‌గా నడుస్తోంది. ఖర్చు తక్కువలో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి .22 రైఫిల్‌తో 100 యార్డుల లోపల ఆడే ఎన్ఆర్ఎల్22 ఉంది.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఆడవచ్చా?

ముందు ఇది తేల్చుకోండి, రైఫిల్ సంగతి తర్వాత. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఈ కోవలోకే వస్తాయి. కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు అందులో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. 'ఫ్రెండు రైఫిలే కదా, రేంజ్‌లో ఒక్కసారి కాలిస్తే ఏమవుతుంది' అనుకోకండి, చట్టం దాన్ని కూడా కలిగి ఉండటంగానే చూడవచ్చు. దీనిమీద మీ ఇమిగ్రేషన్ భవిష్యత్తు ఆధారపడి ఉంది కాబట్టి లాయర్‌తో మాట్లాడాకే రేంజ్‌కి రండి. అప్పటిదాకా మ్యాచ్ చూడటానికి రావచ్చు. చూసినా చాలా నేర్చుకుంటారు.

ఎంత చలి దాకా మ్యాచ్ పెడతారు?

స్కీయింగ్, షూటింగ్ కలిపి ఆడే బయాథ్లాన్‌లో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోతే పోటీ మొదలుపెట్టకూడదని నియమం ఉంది. మా క్లబ్ మ్యాచ్‌లలో మ్యాచ్ డైరెక్టర్ నిర్ణయమే నియమం. నేను చూసినంతలో మ్యాచ్ ఆగిపోయేది ఎక్కువగా చలివల్ల కాదు. రోడ్లు గడ్డకట్టడం వల్లనో, పొగమంచులో టార్గెట్ వెనకున్న మట్టిగట్టు కనబడకపోవడం వల్లనో ఆగుతుంది. గట్టు కనబడకపోతే ఒక్క రౌండు కూడా కాల్చకూడదు.

గాలిని మాత్రం చిన్నచూపు చూడకండి. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం ఉష్ణోగ్రత 0 డిగ్రీల ఫారెన్‌హీట్, గాలి గంటకి 15 మైళ్లు ఉంటే ఒంటికి మైనస్ 19 లాగా అనిపిస్తుంది. ఆ స్థితిలో కప్పుకోని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక స్టేజ్ దగ్గర మీ వంతు రావడానికే అంతసేపు పడుతుంది.

చలిలో నా రౌండ్లు ప్లేటు కిందికి పడుతున్నాయి. ఎందుకు?

రెండు కారణాలు ఒకేవైపు లాగుతాయి కాబట్టి.

మొదటిది గాలి. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. జులైలో 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జనవరిలో మైనస్ 7 దగ్గర ఒకే పీడనంలో చూస్తే చలికాలపు గాలి సాంద్రత సుమారు 15 శాతం ఎక్కువ. బుల్లెట్ ఆ చిక్కటి గాలిని చీల్చుకుంటూ పోవాలి, అందుకే త్వరగా వేగం కోల్పోతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటాలో 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) బుల్లెట్ తీసుకుంటే, 1000 యార్డుల దగ్గర దీనివల్లే అర మిల్‌కి (మిల్ అంటే స్కోపులో గురి సర్దే కోణం కొలత) పైగా తేడా వస్తుంది.

రెండోది తూటాలోని మందు, అంటే పౌడర్. పౌడర్ చల్లబడితే నెమ్మదిగా మండుతుంది, బుల్లెట్ బయల్దేరే వేగమే తగ్గుతుంది. హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్ 4350, వార్గెట్ లాంటి పౌడర్లు ఉష్ణోగ్రతకి తక్కువగా స్పందిస్తాయి, అందుకే ఈ ఆటలో వాటికంత గిరాకీ. డిగ్రీ ఫారెన్‌హీట్‌కి ఒక అడుగు చొప్పున వేగం మారే పౌడర్ మీ దగ్గరుందనుకోండి. జులై నుంచి జనవరికి 70 డిగ్రీలు తగ్గితే సెకనుకి 70 అడుగులు పోయినట్టే. 1000 యార్డుల దగ్గర దానికి మరో 0.4, 0.5 మిల్.

రెండూ కలిస్తే ఒక మిల్. 1000 యార్డుల దగ్గర ఒక మిల్ అంటే 36 అంగుళాలు. అక్కడ వేలాడే ప్లేటు ఎత్తు 20 అంగుళాలుంటే గొప్ప. వేసవిలో రాసుకున్న డోప్ కార్డు, అంటే ఏ దూరానికి గురి ఎంత సర్దాలో రాసుకున్న పట్టిక, జనవరిలో పనికిరాదు.

అందుకే నవంబరులో మొదటి గట్టి చలి రోజున క్రోనోగ్రాఫ్ పెట్టి వేగం మళ్లీ కొలవండి. తర్వాత బాగా చలిగా ఉన్న మరో రోజు ఇంకోసారి. ఆ రెండు అంకెలూ బుల్లెట్ దారిని లెక్కగట్టే మీ బాలిస్టిక్ యాప్‌లో ఉష్ణోగ్రతలతో సహా ఎక్కిస్తే మధ్యలోవి అదే లెక్కగడుతుంది. పౌడర్ డబ్బా మీద ఏం రాసున్నా, మీ బ్యారెల్ నుంచి మీరు కొలిచిన అంకెనే నమ్మండి.

వాతావరణ యాప్‌లో 'ఫీల్స్ లైక్' మైనస్ 15 అని ఉంది. బాలిస్టిక్ కాలిక్యులేటర్‌లో ఏది వేయాలి?

అసలు ఉష్ణోగ్రత. ఫీల్స్ లైక్ అనేది మన చర్మానికి సంబంధించిన లెక్క, బుల్లెట్‌కి దాంతో పనిలేదు. అదే యాప్‌లో కనిపించే పీడనం కూడా సముద్రమట్టానికి సవరించి చూపేది. మనకి కావాల్సింది మనం నిలబడ్డ చోట ఉన్న పీడనం, అంటే స్టేషన్ ప్రెషర్. మైదాన ప్రాంతాల్లో ఈ తేడా కొద్దిగానే ఉంటుంది గానీ, కొలరాడోలాంటి ఎత్తు ప్రదేశాలకి మ్యాచ్‌కి వెళితే పూర్తిగా లెక్క తప్పుతుంది.

కెస్ట్రెల్‌ని (గాలి, ఉష్ణోగ్రత, పీడనం కొలిచే చేతి మీటర్) వెచ్చగా జేబులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు గానీ తీసిన వెంటనే దాని మాట నమ్మకూడదు. నాకిది అనుభవం. ఒక జనవరి మ్యాచ్‌లో మీటర్‌ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, నా వంతు రాగానే తీసి, వెంటనే లెక్క చూసి టరెట్ (స్కోపు మీద గురి సర్దే చక్రం) తిప్పాను. బయట మైనస్ 5 ఉంటే అది ఇంకా నా ఒంటి వేడినే చూపిస్తోంది. గాలి వెచ్చగా, పల్చగా ఉందనుకుని ఎత్తు తక్కువిచ్చింది. 1000 యార్డుల ప్లేటు కింద మంచులోకి వరసగా మూడు రౌండ్లు పోయాయి. ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల సెల్సియస్ తప్పుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో (గాలి సాంద్రతని ఎత్తు రూపంలో చెప్పే లెక్క) సుమారు 3600 అడుగుల తప్పు వస్తుందని ఇంటికొచ్చాక లెక్కవేసి చూసుకున్నాను.

ఇప్పుడు వంతు రావడానికి పది నిమిషాల ముందే తీసి, తాడు పట్టుకుని గాలిలో గిరగిరా తిప్పుతాను. అంకె నిలకడగా ఆగాకే చూస్తాను. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ మీటర్ తెర, బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దాకానే సరిగా పనిచేస్తాయని తయారీదారే చెబుతాడు. అంతకంటే చలిగా ఉంటే లోపల పెట్టుకుని, తీసి, గాలిలో తిప్పి, చూసి, మళ్లీ లోపల పెట్టాలి. ఏం జరిగినా నష్టం లేకుండా మ్యాచ్ ఉదయాన్నే డోప్‌ని కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుని మోచేతి కార్డులో పెట్టుకుంటాను. బాల్ పెన్ ఇంకు చలికి రాదు.

మరి తూటాల్ని వెచ్చగా ఉంచుకుంటే వేగం తగ్గదు కదా?

ఆలోచన మంచిదే, ఆచరణలో ఇబ్బంది. జేబులో ఉన్న మొదటి రౌండు ఒక ఉష్ణోగ్రతలో, మ్యాగజైన్‌లో (రైఫిల్‌కి తగిలించే తూటాల డబ్బా) అరగంట ఉన్న చివరి రౌండు ఇంకో ఉష్ణోగ్రతలో ఉంటే ఒక్కోటి ఒక్కో ఎత్తులో తగులుతుంది. అన్నీ ఒకేలా చల్లగా ఉంటే సర్దుకోవడం తేలిక. ఉదయం వచ్చీరాగానే తూటాల పెట్టెని నీడలో, బయట పెట్టేయండి. కారు హీటర్ దగ్గర, డ్యాష్‌బోర్డు మీద అస్సలు వద్దు. వేడెక్కిన చాంబర్‌లో, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట, రౌండు పెట్టి రెండు నిమిషాలు ఆలోచిస్తూ కూర్చోవడం కూడా ఇలాంటి తప్పే.

ఇంతకంటే ముఖ్యం, తూటా పొడిగా ఉండాలి. కేస్ (తూటా లోహపు గొట్టం) మీద నీళ్లుగానీ మంచుగానీ ఉంటే, అది పేలినప్పుడు చాంబర్ గోడల్ని సరిగా పట్టుకోలేదు, ఆ బలమంతా బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) మీద పడుతుంది. బోల్ట్ పట్టేసినట్టు బిగుసుకుపోతే ముందు చూడాల్సింది తడి ఉందేమోనని. మ్యాగజైన్‌ని మంచులో పడేసుకుంటే ఆ రౌండ్లు తీసి, తుడిచి, మళ్లీ నింపుకోండి. ఒక పొడి గుడ్డ ఎప్పుడూ దగ్గరుండాలి.

.22 రైఫిల్‌కి కూడా ఇవే సూత్రాలా?

దానికి ఇంకో ఇబ్బంది అదనం. స్టాండర్డ్ వెలాసిటీ .22 తూటా సెకనుకి సుమారు 1070 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 15 డిగ్రీల సెల్సియస్‌లో ధ్వని వేగం 1116 అడుగులు కాబట్టి తూటా దానికి కిందే ఉంటుంది. మైనస్ 10కి వచ్చేసరికి ధ్వని వేగమే 1067 అడుగులకి దిగుతుంది. అంటే వేసవిలో ధ్వని వేగానికి హాయిగా కింద ఉండే తూటా ఇప్పుడు సరిగ్గా ఆ గీత మీద నడుస్తుంది. ఆ గీత దాటేటప్పుడు బుల్లెట్ కుదుపులకి లోనవుతుంది, గ్రూపు (రౌండ్లు తగిలిన గుంపు) విచ్చుకుంటుంది. చలికి తూటా వేగం కూడా కొంత తగ్గుతుంది గానీ అన్ని రౌండ్లకీ ఒకేలా తగ్గదు. బుల్లెట్ మీది మైనం కూడా గట్టిపడుతుంది.

లాపువా కంపెనీ పోలార్ బయాథ్లాన్ అని చలికోసమే తూటాలు చేస్తుంది. ఖరీదైనవి. నా సలహా, మీ రైఫిల్‌కి వేసవిలో నచ్చిన బ్రాండే చలిలోనూ నచ్చుతుందని అనుకోకండి. మూడు నాలుగు రకాలు తెచ్చుకుని చలి రోజున కాగితం మీద కాల్చి చూడండి.

ట్రిగ్గర్ గడ్డకడుతుందంటారు. నిజమా?

నిజం. నా ఒక మ్యాచ్ అలాగే పాడైంది, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున సన్నగా మంచు కురుస్తోంది. రైఫిల్ మీద పొడిగా, తెల్లటి పిండిలా పడుతోంది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు రైఫిల్ తడవకూడదని కారులో పెట్టి, హీటర్ వేసుకుని తిన్నాను. ఆ అరగంటలో మంచు కరిగింది. నీళ్లు బోల్ట్ దారిలోంచి జారి ట్రిగ్గర్ లోపలికి దిగాయి. బయటికి తెచ్చాక పది నిమిషాల్లో అక్కడే గడ్డకట్టాయి. స్టేజ్ మొదలైంది, టార్గెట్ చూశాను, ట్రిగ్గర్ నొక్కాను, అది కదల్లేదు. రేంజ్ ఆఫీసర్ నెమ్మదిగా 'మజిల్ అటే ఉంచు, బోల్ట్ వెనక్కి, రౌండు బయటికి, ఫ్లాగ్ పెట్టు' అని చెప్పుకొచ్చాడు. మజిల్ అంటే బ్యారెల్ మూతి, ఫ్లాగ్ అంటే చాంబర్ ఖాళీ అని చూపించే గుర్తు. ఆ స్టేజ్, దాని తర్వాతవి రెండూ పోయాయి.

కదలకపోవడం తక్కువ ప్రమాదం. ఐసు ముక్క సియర్ (ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే కొక్కెం) సరిగా పట్టకుండా అడ్డుపడితే బోల్ట్ మూసిన క్షణమే తూటా పేలవచ్చు. గురి టార్గెట్ మీద పెట్టాకే బోల్ట్ మూయాలి, కదిలేటప్పుడు బోల్ట్ తెరిచే ఉండాలి అనే నియమం ఇలాంటి క్షణం కోసమే. చలికాలంలో దాన్ని ఇంకా గట్టిగా పాటించండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి ట్రిగ్గర్ తయారీదారు చెప్పిన పద్ధతిలో శుభ్రం చేస్తాను. చాలామంది లైటర్‌లో పోసే ద్రవంతో కడిగి ఆరబెడతారు, అది పాత జిడ్డుని తీసేసి ఏమీ మిగల్చకుండా ఎగిరిపోతుంది. నిప్పుకి దూరంగా, కిటికీ తెరిచి చేయండి. తర్వాత ట్రిగ్గర్‌లో నూనె చుక్క కూడా వేయను. మ్యాచ్ రోజంతా రైఫిల్ చల్లగానే ఉంటుంది, కారులోకి పోదు. స్టేజ్‌కీ స్టేజ్‌కీ మధ్య యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే భాగం) మీద గుడ్డ కవరు ఉంటుంది. మంచు పడితే బ్రష్‌తో దులుపుతాను. నోటితో ఊదకూడదు, మన ఊపిరిలో ఉండేది నీటి ఆవిరే.

బోల్ట్‌కి ఏ నూనె వేయాలి?

వీలైనంత తక్కువ. మామూలు గన్ ఆయిల్ చలికి చిక్కబడి జిగటగా మారుతుంది. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ చుట్టూ అలాంటి జిగట ఉంటే పిన్ నెమ్మదిగా కదిలి ప్రైమర్‌ని (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) మెత్తగా కొడుతుంది, రౌండు పేలదు. బోల్ట్ విప్పి లోపల పూర్తిగా తుడిచేయండి. బోల్ట్ లగ్స్ (బోల్ట్‌ని బిగించి పట్టే దంతాలు) వెనక మాత్రం చలికి తట్టుకునే గ్రీజు పల్చగా రాయండి, అక్కడ లోహం లోహాన్ని రాసుకుంటుంది.

బ్యారెల్‌లోకి మంచు పోతే?

కాల్చి బయటికి పంపుదామని మాత్రం అనుకోకండి. బ్యారెల్ పగలవచ్చు. రౌండు తీసేసి, బోల్ట్ కూడా తీసేసి, వెనకవైపు నుంచి రాడ్ పెట్టి పొడిగా తుడిచి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. నడిచేటప్పుడు మజిల్ మీద టేపు ముక్క అంటించుకుంటే ఈ బాధ ఉండదు. కాల్చేముందు తీసేయడం గుర్తుపెట్టుకోండి.

చేతులు కొంకర్లు పోతున్నాయి. గ్లవ్స్‌తో ట్రిగ్గర్ ఎలా నొక్కేది?

అందరూ అడిగేది ఇదే, నాకూ పూర్తి జవాబు దొరకడానికి రెండు చలికాలాలు పట్టింది.

చేతుల్ని కాపాడుకోవడం మణికట్టు దగ్గర మొదలవుతుంది. వెచ్చని రక్తం అక్కడి నుంచే వేళ్లకి పోతుంది, అక్కడ చర్మం పల్చన. స్వెటర్ చేతి అంచుని గ్లవ్ లోపలికి దోపి, మణికట్టు లోపలివైపు చిన్న హ్యాండ్ వార్మర్ పెట్టుకుంటాను. పల్చటి లోపలి గ్లవ్స్ ఎప్పుడూ చేతికే ఉంటాయి. వాటిమీద మందపాటి మిటెన్లు, అంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి. విడివిడి వేళ్ల గ్లవ్స్ కంటే ఇవే వెచ్చన. నడుముకి కట్టుకునే మఫ్ ఒకటి ఉంటుంది, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు చేతులు దోపుకునేలాంటిది. నా వంతు వచ్చేదాకా రెండు చేతులూ అందులోనే.

కాల్చేటప్పుడు చూపుడువేలి గ్లవ్ చివర కత్తిరించి ఉంటుంది. ఎందుకంటే ఈ ఆటలో చాలామంది ట్రిగ్గర్‌ని అరపౌండు బరువుకి పెట్టుకుంటారు. తిమ్మిరెక్కిన వేలికి అరపౌండు తెలియదు. నొక్కానని తెలిసేలోపే రౌండు పోతుంది. అది టార్గెట్ వైపు కాకుండా పోతే మ్యాచ్ నుంచి పంపించేస్తారు, ప్రమాదం సంగతి వేరే చెప్పక్కర్లేదు. అందుకే డిసెంబరు రాగానే నా ట్రిగ్గర్‌ని ఒకటిన్నర పౌండ్లకి పెంచుతాను. పాయింట్లు ఒకటీ అరా తగ్గినా సరే. వేలి చివర స్పర్శ తెలియకపోతే 'ఈ స్టేజ్ వదిలేస్తున్నాను' అని చెప్పండి. ఎవరూ తక్కువగా చూడరు.

ఇంట్లో తూటా లేకుండా, రెండుసార్లు తనిఖీ చేసి, గ్లవ్స్ వేసుకుని మ్యాగజైన్ మార్చడం, బోల్ట్ తిప్పడం, టరెట్ తిప్పడం సాధన చేయండి. మిటెన్ తీసి జేబులో పెట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఏం వేసుకోవాలి?

కాటన్ వద్దు. మన ఇళ్లలో కాటన్ అంటే ఒంటికి మంచిదని నేర్పారు, అది మన ఎండలకి. ఇక్కడ బారికేడ్ల మధ్య పరిగెత్తి చెమట పడితే కాటన్ ఆ తడిని ఒంటికే అంటిపెట్టి ఉంచుతుంది, తర్వాత అరగంట నిలబడి వణకాలి. ఒంటికి ఉన్ని లేదా పాలియెస్టర్, పైన ఫ్లీస్, ఆ పైన గాలి ఆపే జాకెట్. నిలబడి ఎదురుచూసేటప్పుడు వేసుకోవడానికి ఒక పెద్ద కోటు విడిగా.

పాదాల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. పదిమంది స్క్వాడ్‌లో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా అరగంట ఒకేచోట మంచు మీద నిలబడాలి. నేను పాత యోగా మ్యాట్ ముక్క ఒకటి తీసుకెళ్లి దానిమీద నిలబడతాను. బూట్లకన్నా ఎక్కువ పనిచేసింది అదే. రెండో జత సాక్సులు కారులో ఉండాలి, మధ్యాహ్నం మార్చుకోవడానికి. ఐసు మీద నడవడానికి బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు దొరుకుతాయి. చేతిలో రైఫిల్‌తో జారి పడటం మామూలు పడటం లాంటిది కాదు.

స్క్వాడ్‌లో ఎవరి మాటైనా తడబడుతున్నా, చిన్న పనికి తడుముకుంటున్నా, అదుపు లేకుండా వణుకుతున్నా ఆ మనిషిని వెంటనే వెచ్చని చోటికి తీసుకెళ్లండి. ఆ స్థితిలో ఉన్నవాళ్లు 'నేను బాగానే ఉన్నాను' అనే అంటారు.

మందపాటి కోటుతో స్కోపులో నల్లటి నీడ వస్తోంది.

కోటు మందం వల్ల మీ కన్ను స్కోపుకి దూరమైంది. రైఫిల్ వెనక భుజానికి ఆనే బట్ ప్యాడ్‌ని సర్దుకునే వీలుంటే అర అంగుళం తగ్గించండి. ఇంట్లోనే ఆ కోటు వేసుకుని, పడుకుని, మోకాలి మీద కూర్చుని, నిలబడి చూసుకోండి. మ్యాచ్ రోజు పొద్దున ఆ పని పెట్టుకోవద్దు.

మంచులో గాలిని ఎలా చదవాలి?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. వేసవిలో గాలిని చూపించే ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి, ఎండమావి పల్చబడుతుంది. బదులుగా మంచు ఉంటుంది. నేలబారున పాములా పాకే మంచుపొడిని చూడండి, గాలి ఎటు, ఎంత విసురుగా వస్తోందో, ఏ పల్లంలో మళ్లుతోందో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఎండిన గడ్డి పరకలు కూడా మంచి గుర్తు. కురిసే మంచురేకుల్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. అవి తేలిక, చిన్న గాలికే బాగా పక్కకి పోతాయి, ఉన్నదానికన్నా ఎక్కువ గాలి ఉందనిపిస్తుంది.

చిక్కటి గాలి బుల్లెట్‌ని పక్కకి కూడా ఎక్కువ నెడుతుంది. వేసవిలో ఒక గాలికి 1000 యార్డుల దగ్గర 2 మిల్ పట్టేవాళ్లు అదే గాలికి చలికాలంలో 2.3 దగ్గర మొదలుపెట్టడం మేలు.

తప్పిపోయిన రౌండు ఎక్కడ పడిందో చూడటం ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. కొత్త మంచు మీద పడితే తెల్లటి పొడి లేస్తుంది, ఆ వెనక నల్లటి మచ్చ. గడ్డకట్టిన నేల మీద ఏమీ కనబడదు. టార్గెట్లకి తెల్లరంగు వేసి ఉంటే మంచులో కలిసిపోతాయి. మా దగ్గర చలికాలంలో నారింజ రంగు వేస్తారు.

సపోర్ట్ బ్యాగ్ రాయిలా అయిపోయింది. ఏం చేయాలి?

ఆ రోజుకి చేసేదేమీ లేదు. లోపలి ఇసుక తడిసి గడ్డకట్టింది. బారికేడ్ మీద బ్యాగ్ మెత్తగా ఒదిగితేనే రైఫిల్ నిలుస్తుంది. తడి నేల మీద పెట్టకండి, వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంచండి. మోకాలి కింద వేసుకునే మ్యాట్ వేరు, షూటింగ్ బ్యాగ్ వేరు. బైపాడ్ (రైఫిల్ ముందుండే రెండు కాళ్లు) రబ్బరు పాదాలు ఐసు మీద జారుతాయి, ముళ్ల పాదాలు తెచ్చుకోండి.

బ్యాటరీలు?

ఆల్కలైన్‌వి చలికి త్వరగా చతికిలపడతాయి. లిథియం ఏఏ బ్యాటరీలు మైనస్ 40 దాకా తట్టుకుంటాయి. ఫోన్ లోపలి జేబులో.

తినడానికి ఏం తీసుకెళ్లాలి?

పులిహోర తీసుకెళ్లాను, మెతుకులు బిగుసుకుపోయి గొంతు దిగలేదు. ఇప్పుడు చపాతీ చుట్టలు, పల్లీ ఉండలు, ఖర్జూరాలు, ఫ్లాస్కులో మిరియాల చారు. చలిలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగాలి. తినేముందు చేతులు తప్పక తుడుచుకోండి, వేళ్ల మీద సీసం ఉంటుంది. తడి వైప్స్ ప్యాకెట్టు కోటు లోపల పెట్టుకోండి, బయట ఉంటే ఒక్కటిగా గడ్డకడుతుంది.

చలి తప్పించుకుని ఫ్లోరిడా, టెక్సస్ మ్యాచ్‌లకి విమానంలో వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానుగా, కౌంటర్ దగ్గర చెప్పి మరీ ఇవ్వాలి. తూటాలకి ఎక్కువ ఎయిర్‌లైన్స్ 11 పౌండ్ల పరిమితి పెడతాయి. దిగాక మళ్లీ జీరో (స్కోపు అసలు గురి) చూసుకోండి, డోప్ మళ్లీ లెక్కవేయండి. మైనస్ 7లో రాసుకున్న అంకెలతో 25 డిగ్రీల ఊళ్లో కాలిస్తే ఈసారి ప్లేటు పైనుంచి పోతాయి.

ఇంటికొచ్చాక రైఫిల్‌ని ఏం చేయాలి?

వెంటనే పెట్టె తెరవకండి. చల్లటి ఇనుముకి ఇంట్లో వెచ్చటి గాలి తగిలితే ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులాగా అంతా చెమర్చుతుంది. స్కోపు అద్దాల మీద, బ్యారెల్ లోపల, ట్రిగ్గర్ లోపల, పైకి కనబడని ప్రతిచోటా నీళ్లు. రేంజ్‌లోనే ఖాళీ చేసి, తనిఖీ చేసి, పెట్టెలో పెట్టి మూసేయండి. ఇంట్లో తాళం వేసిన గదిలో ఆ పెట్టెని అలాగే మూడు నాలుగు గంటలు వదిలేయండి. పెట్టె నెమ్మదిగా వెచ్చబడితే లోపల ఆవిరి చేరదు.

తర్వాత తీసి, స్టాక్ (రైఫిల్‌ని మోసే, భుజానికి ఆనే చట్రం) నుంచి యాక్షన్ విడదీయండి. ఈ పనికి చాలామంది బద్ధకిస్తారు. స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య చేరిన నీళ్లు అక్కడే ఉండి తుప్పు పట్టిస్తాయి. బోల్ట్ విప్పి తుడవండి. బ్యారెల్‌లో పొడి ప్యాచ్ (చిన్న గుడ్డముక్క), దాని తర్వాత నూనె ప్యాచ్ ఒకటి. మ్యాగజైన్లు విప్పి స్ప్రింగులు ఆరబెట్టండి. మిగిలిన తూటాలు పెట్టెలోంచి తీసి గుడ్డ మీద పరిచి, రాత్రంతా తాళం వేసిన గదిలో ఉంచండి. బ్యాగులు హీటర్‌కి కొంచెం దూరంలో. నేనైతే మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ బోల్ట్ లగ్స్ మధ్య టార్చ్ వేసి ఇంకోసారి చూస్తాను. అక్కడ ఒక్కోసారి ఇంకా తడి మిగిలి ఉంటుంది.